బ్లాక్‌టౌన్‌లో ఎకతెరీనా పట్టాభిషేకం

మొన్న వేసవిలో ఒక శనివారం ఇక్కడి మా తెలుగు సంఘం అధ్యక్షుడు కిరణ్ మా ఇంటికి వచ్చాడు. వరంగల్ కుర్రాడు, బ్యాంకులో కంప్యూటర్ల పని. సోఫాలో కూర్చోకముందే "అంకుల్, మీరు లెజెండ్" అన్నాడు. ఆ మాట వినగానే జాగ్రత్తపడవలసిన వయసు నాది. పడలేదు. పొట్ట లోపలికి లాక్కుని "ఏదోలే నాయనా" అన్నాను. సంగతేమిటంటే, ఈసారి వార్షికోత్సవంలో పాతకాలపు నాటకాల జ్ఞాపకంగా ఏదో చేయాలట. మా మావయ్య రాసిన 'ఎకతెరీనా పట్టాభిషేకం' అనే పద్యనాటకం గురించి పెద్దవాళ్ళు చెప్పుకోగా విన్నాడట. అందులో రష్యా సామ్రాజ్ఞి వేషం కట్టింది నేనేనని తెలిసి, నన్ను ముఖ్య అతిథిగా పిలిచి శాలువా కప్పాలని కమిటీ తీర్మానించిందట.

"బై ద వే అంకుల్, ఆ ఎంప్రెస్ ఎవరు? గుర్రం కథ ఉంటది కదా, ఆమేనా?"

ముప్పై నాలుగేళ్ళు రష్యాను ఏలిన మనిషి. సరిహద్దులు పెంచింది, పుస్తకాలూ బొమ్మలూ పోగేసింది, మశూచికి టీకా ముందు తన చేతికే వేయించుకుంది, తన కథ తానే రాసుకుంది. చివరికి సిడ్నీ పడమటి శివార్లలో ఒక కుర్రాడి దగ్గర మిగిలింది గుర్రం. ఆ గుర్రం కూడా అబద్ధం. ఆవిడ పోయాక, ఆ చావుకు గుర్రాన్ని అంటగట్టి గిట్టనివాళ్ళు పుట్టించిన బూతుకథ. నేను ఆ మాట చెప్పబోతుంటే కిరణ్ లేచి, "ఆంటీగారికి కూడా మొమెంటో ఉంది అంకుల్, కాస్ట్యూమ్స్ చేసినందుకు. అప్పుడు ఆమెకు హెడేక్ వచ్చి ప్లే మధ్యలో ఆగిపోయిందంట కదా, పాపం" అన్నాడు.

ఆంటీగారంటే ఆ మావయ్య భార్య, మా అత్తయ్య రాజ్యలక్ష్మి. ఆ తలనొప్పి కథను ఊరంతా తిప్పింది నేనే. నలభై ఏళ్ళుగా బార్బెక్యూల దగ్గర, పుట్టినరోజుల్లో, మాంసం ముక్కలు తిరగేస్తూ, చేతిలో గ్లాసు పట్టుకుని చెప్పాను. ప్రతిసారీ నవ్వులు పడ్డాయి. కిరణ్ వెళ్ళిపోయాక, అద్దం ముందు నిలబడి ఆ శాలువా ఏ భుజం మీద బాగుంటుందా అని చూసుకున్నాను. నా పశ్చాత్తాపాలన్నీ ఇలాగే, ఒక వేషం వేసుకుని చూసుకున్నాకే మొదలవుతాయి.

నేను సిడ్నీకి వచ్చినప్పుడు ఇంకా మీసం కూడా సరిగా రాలేదు. ఇక్కడి యూనివర్సిటీలో ఇంజనీరింగు సీటు వచ్చింది. బ్లాక్‌టౌన్‌లో మా అమ్మ తమ్ముడు ఉన్నాడు కనుక అక్కడే మకాం. మావయ్య ఆసుపత్రిలో మత్తు డాక్టరు. ఊరు తెనాలి. తెనాలి మనిషి ఏ దేశంలో దిగినా మొదట హార్మోనియం పెట్టడానికి చోటు చూస్తాడు, తర్వాతే మంచానికి. ఆ సిమెంటు పలకల గోడల ఇంట్లో ముందుగదికి అటు టీవీ, ఇటు హార్మోనియం. శనివారం పొద్దున తలంటి పోసుకుని, బనీనూ లుంగీతో కాలు మడిచి కూర్చుని మావయ్య రాగం తీయడం మొదలుపెడితే పక్కింటి కుక్క కంచె దగ్గరకొచ్చి శ్రుతి కలిపేది. కుంకుడుకాయ, కొబ్బరినూనె, పెరట్లో కోసిన గోంగూర, దాని మీదికి వంగిన నీలగిరి చెట్టు ఘాటు, కంచె అవతల వాళ్ళు కాలుస్తున్న సాసేజీల పొగ, ఇవన్నీ కలిసి ఆ ఇంటికొక వాసన ఉండేది. ఇంగువ పోపు వేసేటప్పుడు కిటికీ మూయమని మావయ్య అనేవాడు. "ఎందుకండీ? వాళ్ళ పొగ మనం పీల్చట్లా?" అని అత్తయ్య ఇంకో కిటికీ కూడా తెరిచేది.

మావయ్య కుర్రతనంలో ఎర్రజెండా మోసినవాడు. ఇల్లు కొనుక్కున్నాక దాన్ని జాగ్రత్తగా మడిచి మనసులో పెట్టుకున్నాడు. రష్యా మీద మాత్రం మక్కువ పోలేదు. రాజులూ రాణులూ ప్రజల రక్తం ఎలా తాగారో తెలుగు జాతికి చాటిచెప్పడానికి ఎకతెరీనా మీద నాటకం మొదలుపెట్టాడు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆయనకు వచ్చిన ఛందస్సులో మహారాణిని పొగడటానికే వీలుంది. కిరీటం పెట్టాక తిట్టడానికి గణాలు కుదరలేదు. మొదటి అంకం పూర్తయ్యేసరికి విప్లవం పోయి విరహం వచ్చింది. రెండో అంకానికి ఆయన ఆవిడతో నిండా ప్రేమలో ఉన్నాడు. పెసరట్టు తింటూ ఆవిడ సంగతులు మాకు చెప్పేవాడు. జర్మనీలో ఎక్కడో చిన్న సంస్థానం పిల్ల. పద్నాలుగేళ్ళకు రష్యా యువరాజు పీటరుకిచ్చి చేయడానికి తీసుకొచ్చారు. పేరు మార్చారు, మతం మార్చారు.

"భాష నేర్చుకోవడానికి చలికాలంలో చెప్పుల్లేకుండా గదిలో పచార్లు చేస్తూ రష్యన్ మాటలు వల్లెవేసేదట. న్యుమోనియా వచ్చి, కొద్దిలో చావు తప్పింది. ఎంత దీక్షో చూడు!" అని మావయ్య కళ్ళు తుడుచుకున్నాడు.

"పిచ్చిది. చెప్పులేసుకుని చదివితే రాదా ఆ రష్యన్?" అంది అత్తయ్య. ఆవిడ ఈ దేశం వచ్చాక బస్సు డ్రైవర్లతోనూ, టీవీతోనూ పోట్లాడి ఇంగ్లీషు నేర్చుకుంది. జబ్బేమీ చేయలేదు.

పీటరు పెద్దయ్యాక కూడా బొమ్మ సిపాయిలతో ఆడుకునేవాడనీ, ఒక ఎలుక ఆ సిపాయిల్లో ఒకణ్ణి కొరికిందని దానికి విచారణ జరిపి ఉరి తీయించాడనీ ఎకతెరీనాయే రాసుకుంది. మావయ్య అది చెప్పి పగలబడి నవ్వాడు.

"ఆ పాటి పనైనా చేశాడు. మీరు బొద్దింకను చూస్తే బల్ల ఎక్కుతారు" అంది అత్తయ్య.

తర్వాత ఎకతెరీనా సైనికుడి దుస్తులు వేసుకుని, గుర్రమెక్కి, పటాలాల ముందు నడిచి మొగుణ్ణి గద్దె దించింది. కొద్దిరోజులకే అతడు చెరలో పోయాడు. మొలల బాధ ముదిరి కడుపునొప్పితో పోయాడని ప్రకటించారు. మత్తు డాక్టరుకు ఇది ఎంత తలుచుకున్నా తీరని సంబరం. "పైల్స్‌తో ఎవడన్నా చస్తాడుటోయ్?" అని ఇంటికొచ్చిన ప్రతి డాక్టరునూ అడిగేవాడు. ఆ నాటకంలో కష్టజీవుల ఊసు ఏమయిందని అడిగింది ఒక్క అత్తయ్యే. ఎకతెరీనా స్వేచ్ఛ మీద గొప్ప గొప్ప ఉత్తరాలు రాస్తూనే, తనకు నచ్చిన మగాళ్ళకు ఊళ్ళకు ఊళ్ళు, అందులోని వెట్టివాళ్ళతో సహా, పసుపుకుంకాల కింద పంచిపెట్టిందని మావయ్యే చెప్పాడు మరి.

"ఆ వెట్టివాళ్ళ మీద పద్యమేదండీ?"

"పద్యంలో ఇమడలేదే."

"ప్రియుళ్ళందరూ ఇమిడారుగా!"

అత్తయ్యకు ఆ హక్కు ఉంది. ఆవిడ తండ్రి నాటక సమాజాలకు హార్మోనియం వాయించేవాడు. పద్యం ఎత్తుకోవడం, రాగం సాగదీయడం, ఎక్కడ ఊపిరి తీసి ఎక్కడ కొసరు వేయాలో ఆవిడకు పుట్టుకతో వచ్చింది. గిన్నెలు తోముతూ మావయ్య పద్యాలు అందుకునేది. ఆయన గంటసేపు మెలికలు తిప్పిన పాదాన్ని ఆవిడ నురగ చేతులతో ఒక్క విసురున నిలబెట్టేది. స్టేజీ మాత్రం ఎక్కనివ్వలేదు. ఒకరోజు మావయ్య మూడో అంకం రాయడం ముగించి చదివి వినిపించాక, అట్లకాడ పక్కన పెట్టి చెప్పింది: "పెళ్ళయ్యాక నీ ఇష్టమమ్మా అన్నాడు మా నాన్న. పిల్లలు పెద్దయ్యాక చూద్దాం అన్నారు మీరు. పిల్లలు స్కూలుకెళ్తున్నారు. ఎకతెరీనా వేషం నేను వేస్తానండీ."

మావయ్య వెంటనే కాదనలేదు. సంస్కారవంతుడు. సంస్కారవంతులు కాదనడానికి ఒక కమిటీ కావాలి. మరుసటి ఆదివారం మా ముందుగదిలో అది కూర్చుంది. అందులో ముఖ్యుడు మూర్తిగారు, వంతెనలు కట్టే ఇంజనీరు, పీటరు వేషం ఆయనది. "అమ్మా, మీ గాత్రం సాక్షాత్తూ సరస్వతి. కానీ కథలో ఆవిడకి... అంటే... ఒక డజను మంది..." అని మిగతాది ఆయన మిక్చర్‌తో పాటు మింగేశాడు.

"ఆ డజను వేషాలకూ పోటీ పడుతున్నారుగా అన్నయ్యగారూ. మీకెవరికీ సిగ్గేయట్లేదు, నాకెందుకు?"

నిజమే. ఆ ప్రియుళ్ళ వేషాలకు సిడ్నీలో ఉన్న పెళ్ళయిన తెలుగు మగవాళ్ళందరూ ముందుకొచ్చారు. వాళ్ళ భార్యల్ని ఆ ప్రియురాలి వేషానికి అడిగితే మాత్రం కుటుంబ గౌరవం గుర్తొచ్చింది. అత్తయ్య మాటకు అందరూ మిక్చర్ గిన్నెలో చేతులు పెట్టారు. ఆ ఇరకాటం నుంచి జాతిని బయటపడేసిన మేధావిని నేను.

"సినిమాల్లో హీరోయిన్ పాడుతుందా ఏంటి మావయ్యా? గొంతు ఒకళ్ళది, మనిషి ఇంకొకళ్ళు. అత్తయ్య తెర వెనక పాడుతుంది. వేషం నేను కడతా. మన నాటకాల్లో మగవాళ్ళు ఆడవేషం కట్టడం ఉన్నదేగా."

గదిలో ప్రాణం లేచొచ్చింది. మూర్తిగారు నా వీపు తట్టి "ఇంజనీర్ అనిపించావోయ్" అన్నాడు. మావయ్య నన్ను చూసి మురిసిపోయాడు. తెలుగువాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన అది. ఆడదాని గొంతును మనిషినుంచి విడదీసి వాడుకోవచ్చునని సినిమాలు మాకు ఎంత బాగా నేర్పాయంటే, అందులో వింతేమిటో ఒక్కరికీ తోచలేదు. పేచీ తీర్చడానికే అలా అన్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఆ పట్టుబట్టలూ, ఆ దీపాలూ, అన్ని కళ్ళూ నా మీదే ఉండటమూ నాకు కావాలి. అత్తయ్య అందరికీ కాఫీ తెచ్చి ఇచ్చింది. నాకు ఇవ్వలేదు.

అయినా పాడటానికి ఒప్పుకుంది. ఒక షరతు పెట్టింది. మూడో అంకంలో ఎకతెరీనా ముసలిది. ప్రియుళ్ళెవరూ రంగం మీద ఉండరు, ఒక్కతే కుర్చీలో కూర్చుని పద్యాలు చదువుతుంది. ఆ అంకం మాత్రం తనే బయటికొచ్చి వేస్తానంది. మావయ్య "చూద్దాంలే రాజ్యం" అన్నాడు. ఆ "చూద్దాంలే" సంగతి తెలిసిన ఆవిడ, నేను యూనివర్సిటీకి బయల్దేరుతుంటే టిఫిన్ డబ్బా చేతికిచ్చి అడిగింది.

"ఒరేయ్ ప్రసాదూ, నువ్వు చెబితే ఆయన వింటాడు. మూడో అంకం నాదని ఒక్క మాట చెప్పరా."

"చెప్తా అత్తయ్యా."

రైల్లో డబ్బా తెరిస్తే నాకిష్టమైన నిమ్మకాయ పులిహోర. తిన్నాను. చెప్పలేదు. రోజూ చెబుదామనే అనుకున్నాను. ఈలోగా ముసలి సామ్రాజ్ఞికి నడుమెలా వంచాలో అద్దం ముందు అభ్యాసం చేస్తూ ఉన్నాను. అడిగినప్పుడల్లా "మావయ్య మూడ్ చూసి చెప్తా" అనేవాణ్ణి. మావయ్య మూడ్ అప్పుడు బ్రహ్మాండంగా ఉంది.

నాటకం రెండు స్టేషన్ల అవతల ఒక స్కూలు హాల్లో, మధ్యాహ్నం. అయిదింటికి కేర్‌టేకరు తాళం వేసేస్తాడు కనుక రష్యా చరిత్ర ఆలోపల ముగియాలి. నా కిరీటం అట్టముక్కకు క్రిస్మస్ బంగారు కాగితం చుట్టింది. లంగా అత్తయ్య పెళ్ళి పట్టుచీర, ఆవిడే దగ్గరుండి కుట్టింది. వెనక ఈడ్చుకుపోయే అంగరఖా మా ముందుగది కర్టెను. వచ్చిన పాతిక కుటుంబాలూ పులిహోర గిన్నెలతో, పిల్లలతో ముందే కూర్చున్నాయి. గొంతు అత్తయ్యదని అందులో ప్రతి ఒక్కరికీ తెలుసు. దాపరికమేమీ లేదు. అయినా తెర లేచి, ఆ గొంతు హాలు నింపి, నేను చెయ్యి పైకెత్తి పెదవులు కదపగానే చప్పట్లు నాకే కొట్టారు. "ఎంత భావం పలికాడే కుర్రాడు!" అని ముందు వరసలో ఎవరో అనడం నాకు వినపడింది. ఆ క్షణాన నేనే పాడుతున్నానని నేనూ నమ్మాను. పీటరు గొప్పగా చచ్చిపోయాడు. "వన్స్ మోర్" అని కేకలు వేస్తే మూర్తిగారు లేచి, లాల్చీ దులుపుకుని, మళ్ళీ ఆ పద్యం పాడి మళ్ళీ చచ్చిపోయాడు.

రెండో అంకానికి ముందు, పక్క తరగతిగదిలో నేను ముఖానికి పౌడరు దిద్దుకుంటున్నాను. అత్తయ్య మంచినీళ్ళ కోసం లోపలికొచ్చింది. బల్లమీద తెల్ల దూదితో చేసిన జుట్టు ఉంది. మూడో అంకానికి నా తలకు సరిపోయేలా నేను పొద్దున్నే కత్తిరించి పెట్టుకున్నది. ఆవిడ దాన్ని తీసి నా తలకేసి చూసింది, తన తల తడుముకుంది. మళ్ళీ బల్లమీద పెట్టి వెళ్ళింది. నాకు ఊపిరి వచ్చింది. గొడవ చేయనందుకు ఎంత మంచి మనిషి అనుకున్నాను కూడా.

పట్టాభిషేకం పద్యం ఆవిడ ఆరోజు పాడినట్టు నేను జన్మలో వినలేదు. ఆఖరి రాగం హాలు కప్పును తాకి, అక్కడే కాసేపు ఉండి, తీరిగ్గా దిగింది. జనం లేచి నిలబడ్డారు. "వన్స్ మోర్!" మావయ్య గర్వంతో శ్రుతి పట్టాడు. నేను రాజదండం ఎత్తి నోరు తెరిచాను.

ఏమీ రాలేదు. మావయ్య మళ్ళీ శ్రుతి ఇచ్చాడు. నేను నోరు మూసి, మళ్ళీ తెరిచాను, చేప కోసం చూసే పెలికన్ పక్షిలాగా. ముందువరస పిల్లలు కిసుక్కుమన్నారు. తెర వెనక వంటగదిలో కప్పులో నీళ్ళు పోస్తున్న చప్పుడు స్పష్టంగా వినపడింది. తర్వాత అత్తయ్య టీ కప్పు పట్టుకుని పక్క తలుపులోంచి బయటికొచ్చి, స్టేజీ ముందుగా నడిచి, నడవా మధ్యనుంచి ఒక్కో గుటక వేస్తూ గుమ్మందాకా వెళ్ళింది. ఖాళీ కప్పు గుమ్మం దగ్గర కుర్చీలో పెట్టింది. మరుక్షణం మా స్టేషన్ వ్యాగన్ స్టార్టయింది. ఆవిడ పటాలాలేమీ వెంట తీసుకుపోలేదు. నా ప్యాంటూ చొక్కా మాత్రం ఆ కారులో ఉండిపోయాయి.

మావయ్య లేచి, గొంతు సవరించుకుని, శ్రీమతికి హఠాత్తుగా తలనొప్పి రావడం వల్ల నాటకం ఇంతటితో ముగిస్తున్నామని ప్రకటించాడు. మొలలతో ఎవడన్నా చస్తాడా అని నవ్విన మనిషే. అధికార ప్రకటనలు ఎప్పుడూ ఎవరో ఒకరి ఒంటినొప్పి మీదే నిలబడతాయి. సాయంత్రం నేను పట్టులంగాతో, కాటుకతో, సిటీ రైలెక్కి బ్లాక్‌టౌన్ చేరాను. పెట్టెలో ఒక ముసలాయన లేచి నాకు సీటిచ్చాడు. కూర్చున్నాను.

ఇల్లు చేరేసరికి అత్తయ్య వంకాయ కూర దించుతోంది. "ఆకలేసి వచ్చేశా. తినండి" అంది. మావయ్య తలనొప్పి ఎలా ఉందని అడిగాడు, అత్యంత మర్యాదగా. "మీకే తెలియాలి" అంది. ఆ తర్వాత ఆ ఇంట్లో హార్మోనియం ఉంది, రాగం ఉంది, అత్తయ్య గొంతు లేదు. గిన్నెలు నిశ్శబ్దంగా తోమేది. లైబ్రరీలో ఉద్యోగం చూసుకుంది, పిల్లల్ని ఒడ్డెక్కించింది, మావయ్య మంచాన పడ్డాక చివరిదాకా చేసింది. మూడో అంకాన్ని బయట ఎవరూ వినలేదు.

ఇందులో అత్తయ్యను దేవతను చేయబోవడం లేదు. ఎకతెరీనాను కూడా అలాగే. ఆ సామ్రాజ్ఞి రైతుల తిరుగుబాటును నెత్తుటిలో ముంచింది, పొరుగుదేశాన్ని పంచుకుతింది. మా అత్తయ్య కోడళ్ళ చేతికి టీవీ రిమోట్ ఇచ్చిన పాపాన పోలేదు. కానీ ఆ సామ్రాజ్ఞిని తూచవలసిన తప్పులతో తూచకుండా, పడకగది లెక్కలతో తూచి నవ్వుకున్నారు. ఇక్కడ ఆ పని చేసింది ఎవరో బయటి శత్రువు కాదు, అత్తయ్య చేతి పులిహోర తిన్న మేనల్లుడు. నా కథలో ఆవిడకు ఏడాదికొక కొత్త జబ్బు వచ్చేది. ఒక ఏడు తలనొప్పి, ఒక ఏడు ఉక్రోషం, మందు ఎక్కువైన ఏడు పూనకం. నేను మాత్రం ఎప్పుడూ అందమైన అమాయకుణ్ణి. అప్పటి రోజుల్లో పాతిక కుటుంబాలం, మిరపకాయ పొడి కావాలంటే ఊరు ఈదాలి. ఇప్పుడు హారిస్ పార్కు పేటలో అడుగుకో తెలుగు బోర్డు, వీధిలో తెలుగులో తిట్లు కూడా దొరుకుతాయి. అన్నీ పెరిగాయి, నోరు తెరవవలసిన చోట తెరిచే అలవాటు తప్ప. నాకైతే అది పెరగలేదు. నా భార్య కూడా ఇదే చెబుతుంది, కొంచెం ఘాటుగా.

కిరణ్ వచ్చి వెళ్ళిన మర్నాడు హారిస్ పార్కు వెళ్ళాను. అత్తయ్యకు ఇప్పుడు ఎనభై దగ్గర పడుతోంది. మిఠాయి కొట్టు మీది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉంటుంది. కొడుకులు రమ్మన్నా పోదు. కింద జిలేబీలు వేగే నూనె వాసన కిటికీలోంచి వస్తోంది. వాచిన కాళ్ళు చిన్న పీట మీద పెట్టుకుని టీవీ చూస్తోంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ చెప్పాను. నా స్వార్థం, నా పిరికితనం, తలనొప్పి కథ, అంతా. చెబుతుంటే నాకే కళ్ళు చెమర్చాయి. బాగానే చెప్పాననిపించింది.

ఆవిడ టీవీ గొంతు తగ్గించింది. "అయిందా?"

"అయింది అత్తయ్యా."

"నలభై ఏళ్ళు నా తలనొప్పి చెప్పుకుని చప్పట్లు కొట్టించుకున్నావు. ఇప్పుడు నీ పశ్చాత్తాపానికి నా చేత కొట్టించుకుందామని వచ్చావా?"

నేను తల దించుకున్నాను. అదీ బాగానే దించాననుకుంటాను, ఎందుకంటే ఆవిడ నవ్వింది.

"సర్లే, ఏడవకు. ఆ కుర్రాడు నాటకమంటున్నాడా? మూడో అంకం వెయ్యమను. నేను వేస్తా."

"కాగితాలు ఎక్కడున్నాయో మరి..."

"నోటికొచ్చు. చివర్లో ఆవిడకీ కాళ్ళు వాచాయట, మీ మావయ్య చెప్పేవాడు. ఇవిగో, మేకప్పు బాధ కూడా లేదు."

కిరణ్‌కు ఫోన్ చేశాను. చాలాసేపు ఊ కొట్టి, చివరికి చెప్పాడు. "రెస్పెక్ట్ అంకుల్, కానీ ఏజ్ ఇష్యూ ఉంది కదా. స్టేజ్ స్టెప్స్, ఇన్సూరెన్స్... ఒకటి చేద్దాం. ఆంటీ వాయిస్ రికార్డ్ చేద్దాం. మా పాప కాస్ట్యూమ్ వేసుకుని లిప్ సింక్ చేస్తది. సూపర్ క్యూట్ ఉంటది."

ఇరవై ఏళ్ళ నేను అవతలి చివరనుంచి నాతో మాట్లాడుతున్నట్టుంది. అంతే తెలివి, అంతే ఉత్సాహం, అంతే మంచి మనసు. "ఆలోచిద్దాంలే" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. నా జీవితమంతా ఆ మాట మీదే సుఖంగా నడిచింది.

"వద్దు" అన్నాను. "మనిషీ ఆవిడే, గొంతూ ఆవిడే. మెట్లు ఎక్కించే పూచీ నాది. నా శాలువాకి పెట్టిన టైము ఆవిడకివ్వు. నాకు వద్దు."

"అరే, ఫ్లయర్‌లో మీ ఫోటో పెట్టేసినం అంకుల్!"

"తీసెయ్యి."

తీసేశాడు. నిజం చెప్పాలంటే రెండ్రోజులు బాధపడ్డాను, ఫోటో బాగా వచ్చింది. అత్తయ్యకు సినిమా డాన్సుకూ లక్కీ డ్రాకూ మధ్య చోటు దొరికింది. ఆరోజు నేనూ మా అబ్బాయీ చెరోవైపు పట్టుకుని మెట్లు ఎక్కించాం. స్టేజీ మధ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. కిరీటం లేదు, మామూలు నేత చీర, భుజాన ఉన్ని శాలువా, కింద స్పోర్ట్స్ బూట్లు. మమ్మల్ని చేత్తో పొమ్మంది. నేను వెళ్ళి నాలుగో వరసలో కూర్చున్నాను. హాల్లో సగం మంది బయట చాట్ కౌంటర్ దగ్గరున్నారు, మిగతా సగం ఫోన్లలో. ఆవిడ ఎవరికోసమూ ఆగలేదు.

గొంతు అరిగిపోయింది. రాగం ఎక్కవలసిన చోట ఎక్కలేదు. కానీ ఎక్కడ ఊపిరి తీయాలో అక్కడే తీసింది. మూడో పద్యానికి ఫోన్లు కొన్ని కిందికి దిగాయి. చివరి పద్యం, ముసలి సామ్రాజ్ఞి తన వెనక జనం ఏమనుకుంటారో తెలిసి చెప్పేది, ఎత్తుకుంది:

పరుల యింట బుట్టి పరభాష నేర్చితి
మగడు లేని గద్దె మనకు దక్కె
నవ్వువారు నవ్వ నాకేమి కొరతలే

అక్కడ ఆగిపోయింది. రాగం కోసం ఆగిందనుకున్నారు. రాగం కూడా రాలేదు. ఆవిడ పెదవులు కదిలాయి, కళ్ళు పైకప్పులో దేనికోసమో వెతికాయి. నాలుగో పాదం నాకు తెలుసు. అందిద్దామని నోరు సగం తెరిచి, మూసుకున్నాను. ఎవరో పిల్లవాడు "ఈజ్ ఇట్ ఓవర్, మమ్?" అన్నాడు. పాపం కిరణ్, మంచివాడు, ఆవిడ పరువు కాపాడదామని మైకు పట్టుకుని ఒక్క గంతులో స్టేజీ ఎక్కాడు. "గివ్ ఇట్ అప్ ఫర్ అవర్ అమేజింగ్ ఆంటీ!" జనం హాయిగా చప్పట్లు మొదలుపెట్టారు. ఇద్దరు వాలంటీర్లు ఆవిడను దింపడానికి కుర్చీ దగ్గరకు వెళ్ళారు.

అత్తయ్య చెయ్యి ఎత్తింది. "ఆగవయ్యా. నేనింకా అవగొట్టలేదు."

చప్పట్లు అక్కడక్కడ ఆగి, చివరికి అన్నిచోట్లా ఆగాయి. కిరణ్ మైకు వెనక్కి దాచుకున్నాడు. వాలంటీర్లు ఎటు నిలబడాలో తెలియక గోడకు ఆనుకున్నారు. ఆవిడ ఒక్కరివంకా చూడలేదు. ఒళ్ళో సీసా తీసి, మూత తిప్పి, మంచినీళ్ళు తాగి, మూత బిగించింది. లక్కీ డ్రా పెట్టె పక్కనే ఎదురుచూస్తోంది. హాలంతా ఎదురుచూసింది. అప్పుడు కుర్చీ చేతులు రెండూ గట్టిగా పట్టుకుని ఎత్తుకుంది:

దిగెడుదానఁ గాను దిక్కులార!